మహారాజశ్రీ సినిమా సెట్టు గారికి, మా బాబాయి తరఫున

మహారాజశ్రీ సినిమా సెట్టు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, తమరు క్షేమమో కాదో ఎవరినడగాలో తెలియడం లేదు. తమరి ప్లైవుడ్డు ఎవరి కోళ్లగూటికి చేరిందో, సర్వీ కర్రలు ఏ పెళ్లిపందిరికి పోయాయో! ఇక్కడ నేనైతే క్షేమం కాదు. మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం చార్మినార్ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశాను. అవే చిలుకూరులో చేసి ఉంటే వీసా అయినా వచ్చేది.

మా బాబాయి నరసరావుపేట నుంచి కళ్ల పరీక్షకు వచ్చాడు. శనివారం కొత్త కళ్లజోడు చేతికొచ్చింది. ఆదివారం పొద్దున్నే ఊరు చూపించమన్నాడు. సాలార్‌జంగ్ మ్యూజియమా, బిర్లా మందిరమా అంటే నా వైపు జాలిగా చూశాడు. "అవన్నీ ఎవడిక్కావాల్రా? సినిమాల్లో చూసిన ఊరు చూపించు" అంటూ జేబులోంచి చీటీ తీశాడు. పిన్ని చేత రాయించుకొచ్చాడు. నెక్లెస్ రోడ్డు, కేబుల్ బ్రిడ్జి, విలన్ డెన్, రెండు వైపులా మెట్లున్న బంగళా. అన్నిటికీ అడుగున, రెండు గీతలు గీసి, 'మహేష్‌బాబు మేడ'.

పైవాటి సంగతి త్వరగా తేల్చేస్తాను. నెక్లెస్ రోడ్డు మీద హీరో ఒంటరిగా నడుస్తూ ఆలోచిస్తాడు. మాకు మొక్కజొన్న బండికీ మొక్కజొన్న బండికీ మధ్య నిలబడటానికే చోటు దొరకలేదు, ఆలోచన సంగతి తర్వాత. దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి మధ్యలో హీరో బైకు ఆపి ఏడుస్తాడు. మామూలు మనిషి ముందు ఆపుతాడు, చలానా వచ్చాక ఏడుస్తాడు. చార్మినార్ సందులో మలుపు తిరిగిన ఛేజింగ్ కారు తర్వాతి షాట్‌లో ఈ బ్రిడ్జి మీద తేలుతుంది. మధ్యలో ఉన్న పదిహేను కిలోమీటర్ల పైచిలుకు ట్రాఫిక్‌ని వాళ్లు ఎడిటింగ్‌లో లేపేస్తారు, మేం క్యాబ్‌లో కూర్చుని పూర్తిగా చూశాం. విలన్ డెన్ అంటే గచ్చిబౌలిలో మూతపడ్డ అల్యూమినియం ఫ్యాక్టరీ అనీ, ఊరికే లోపలికి పోనివ్వరనీ చెప్పాను. "మరి విలన్లు గేటు పాసు తీసుకునే పోతారా?" అన్నాడు. బంగళా మెట్ల గురించి నేనే మాట మార్చేశాను.

ఇవన్నీ బాబాయి పెద్దమనసుతో క్షమించాడు. మేడ దగ్గరే వచ్చింది చిక్కు.

2003 సంక్రాంతికి 'ఒక్కడు' వచ్చినప్పుడు బాబాయి ఎరువుల కొట్లో గుమస్తా. హాల్లో నాలుగుసార్లు చూశాడు. టీవీలో ఎన్నిసార్లో పిన్నినే అడగాలి. ఆయనకు హైదరాబాదంటే ఆ మేడ. కింద సందులు, ఎదురుగా చేతికందేంత దగ్గర్లో మినార్లు. నా పెళ్లికి వచ్చినప్పుడు చూపించలేదని ఇప్పటికీ నిష్టూరమాడతాడు. పెళ్లికొడుకుని నేనే కదా బాబాయ్ అంటే, అయితే ఏమిట్రా అంటాడు.

గుల్జార్ హౌజ్ వైపు వెళ్లాం. మక్కా మసీదు వైపు వెళ్లాం. "ఇటు కాదురా, ఇంకాస్త ఎడంపక్క" అంటాడు. ఎడంపక్కకి వెళ్తే "మెట్లు ఇటు తిరగాలే" అని మళ్లీ వెనక్కి. నాలుగో చుట్టులో కళ్లజోడు తీసి తుడిచాడు. ఆరో చుట్టులో "ఈ అద్దాలు సరిగ్గా కుదరలేదురా" అన్నాడు. ఎనిమిదో చుట్టు తర్వాత, పైనుంచి చూస్తే కనపడుతుందని చార్మినార్ ఎక్కించాడు. ఇరుకు మెట్లు, మోకాళ్ల నొప్పులు, మొదటి అంతస్తు దాకానే అనుమతి. పైనుంచి చూస్తే నాలుగు దిక్కులా రోడ్లు, గొడుగులు, కరెంటు తీగలు, జనం. మేడ లేదు. దిగి ఇంకో మూడు చుట్లు.

చివరికి లాడ్ బజార్‌లో గాజుల కొట్టాయన మా మీద దయతలిచాడు. పిన్నికి రెండు డజన్ల గాజులు కొన్నాకే లెండి. "చాచా, అది సెట్ ఉండె. షూటింగ్ అయినంక తీసేసిండ్రు."

బాబాయి నా వైపు చూశాడు, తీసేసింది నేనే అన్నట్టు.

నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో అద్దెలు కడుతున్నాను, ఆ మేడ ఏదో సందులో ఉండే ఉంటుందనే అనుకుంటున్నాను. తమరి ఇబ్బంది అర్థం చేసుకోగలను. 1591లో కట్టిన కట్టడం, పురావస్తు శాఖ కాపలా, చుట్టూ ఎప్పుడూ తరగని జనం. అక్కడ సుమోలు గాల్లోకి లేపుతామంటే ఎవరొప్పుకుంటారు? అందుకని దర్శకుడు గుణశేఖర్ గారు శివార్లలో తమరిని నిలబెట్టారు. హీరోకి డూపు ఉంటాడని తెలుసు గానీ, చార్మినార్‌కి కూడా ఉంటుందని ఎలా ఊహిస్తాం?

అదీ సరే. కట్టావు, బాగా కట్టావు. మరి ఉండొచ్చుగా? మమ్మల్ని అంతలా నమ్మించి, పని కాగానే విప్పుకుని పోతావా? ఒక మనిషి ఇరవై ఏళ్లకు పైగా నిన్ను మనసులో మడిచి పెట్టుకు తిరిగాడయ్యా! కనీసం ఒక గోడ, ఒక మెట్టు, ఒక కిటికీ రెక్క... ఏదో ఒకటి వదిలిపెట్టి పోవాలన్న ఇంగితం లేదూ? అసలు చార్మినార్ ఎదురుగా నిలబడి, దాన్ని వదిలేసి, లేని మేడ కోసం మేం ఏడుస్తున్నామంటే అది నీ పనే కదా!

ఉన్నవాటినైనా ఉండనిచ్చావా? బనగానపల్లెలో నవాబుల బంగళా ఉంది. ఒక్క సినిమా తీశారు, అది అరుంధతి బంగ్లా అయి కూర్చుంది. నవాబు లేచొచ్చినా ఆ పేరు చెప్పే దారి అడగాలి. పోనీ 'ఒక్కడు'లో కర్నూలు కొండారెడ్డి బురుజు అసలుదే కదా, బాబాయికి అదైనా చూపిద్దామనుకున్నాను. దాని వెనకా నువ్వే! 2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు' కోసం ఆ బురుజుకి కూడా నిన్నే నిలబెట్టారు, రామోజీ ఫిల్మ్ సిటీలో. అదే హీరో, అదే బురుజు, ఊరే వేరు. ఇక కర్నూలు వెళ్లినా ఏది ఏ సినిమాలోదో బాబాయికి నేను ప్రమాణం చేసి చెప్పాలి.

తిరుగు దారిలో ఆటో అతను మా గొడవ విని అద్దంలోంచి నవ్వాడు. "నేను సెట్ల పని చేసిన అన్నా, పెయింటింగ్. కొత్త గోడకు పాచి పట్టిచ్చుడు, వాన మరకలు ఏసుడు. పొద్దుగాలకల్ల నూరేండ్ల గోడ చేసి ఇస్తుంటిమి." బాబాయి ముందుకు వంగాడు. "చార్మినార్‌ది కూడా నువ్వేనా?" "లేదు పెద్దాయనా, అప్పటికి నేను బడికి పోతున్న." అయినా దిగేటప్పుడు బాబాయి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. ఆ వేళ్లకి పాచి రంగు ఏమైనా మిగిలిందేమోనని చూసినట్టనిపించింది. డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.

రాత్రి అన్నం తిన్నాక పిన్నికి ఫోన్ చేశాడు. నేను గోడవతల ఉన్నాననుకోలేదు.

"చూశానే. మేడ చూశాను. కాస్త రంగు వెలిసింది గానీ, అదే."

ఇట్లు,
నీ గోడలకి మెట్లు వెతికిన
ఒక వెర్రి ప్రేక్షకుడు

తా.క.: బాబాయి వచ్చే నెల మళ్లీ వస్తున్నాడు, కళ్లజోడు మార్పించుకోవడానికట. ఈసారి చీటీలో మాహిష్మతి ఉంది. అది పచ్చి కల్పన బాబాయ్, ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టూ అని ముందే చెప్పాను. "తెలుసులేరా. మరి అదేగా నిలబడి ఉంది!" అన్నాడు.