షేర్ ఆటో ముందు క్వాంటమ్ ఎంత!

మా మేడ మీద అద్దెకుంటున్న కుర్రాడు ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్నాడు. నానోమీటర్ల సైజు పదార్థాల్లో ఎలక్ట్రాన్లు ఎలా మసులుకుంటాయో చూస్తాడట. నానోమీటరంటే మన గోరు ఒక్క సెకనులో పెరిగేంత. అంత చోట్లో ఏం జరిగితే మనకెందుకు, అద్దె ఒకటో తారీఖుకి వస్తే చాలదా అని ఊరుకున్నాను.

మొన్న టీ తాగుతూ ఒక మాటన్నాడు. క్వాంటమ్ డాట్ అని బుల్లి గది లాంటిది ఉంటుందట. అందులో ఒక ఎలక్ట్రాన్ కూర్చుందంటే, తన చార్జితో రెండోదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుందట. వోల్టేజీ పెంచితే తప్ప అది లోపలికి రాదు. దీన్ని కూలుంబ్ బ్లాకేడ్ అంటారట. ఇది చూడాలంటే చాలాసార్లు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం కావాలి. ఒక్కోసారి ఆ చలి కూడా చాలదట.

మారుమాట్లాడకుండా తీసుకెళ్లి మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కించాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. ముగ్గురి సీట్లో అప్పటికే నలుగురున్నాం. అయిదో ఆవిడ సంచీతో వచ్చింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు కాస్త ముందుకి. మాస్టారూ, మీరు వెనక్కి జరగండి. ఆఁ, సరిపోయింది!" అన్నాడు. నిజంగానే సరిపోయింది. బ్లాకేడూ లేదు, హీలియమూ లేదు.

ఆవిడ సంచీ కింద నలుగుతూనే కుర్రాడు అరిచాడు: "బాబాయ్ గారూ, ఇది పౌలీ సూత్రం! ఒకే చోట రెండు ఎలక్ట్రాన్లు సర్దుకోవాలంటే ఒకదాని స్పిన్, అంటే తిరుగుడు లాంటి గుణం, పైకి, రెండోదాని స్పిన్ కిందికి ఉండాలి!" పౌలీ అనే శాస్త్రవేత్త ఈ సంగతి 1925లో చెప్పాడట. మా డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు.

అందుకని ఇలాంటి ల్యాబులన్నీ మూసేసి, ఆ పని షేర్ ఆటో యూనియన్‌కి అప్పగించాలని ఫోన్‌లో అర్జీ టైపు చేసి దాచాను. కుర్రాడు చదివి కోప్పడలేదు. "ఇది మీ ఫోన్ మెమరీలో ఎలా నిలిచిందంటారు? దాటే శక్తి లేని ఎలక్ట్రాన్లు కొన్ని నానోమీటర్ల గోడలోంచి అటు దూరిపోయి, అక్కడ చిక్కుకుంటేనే. దాన్నే టన్నెలింగ్ అంటారు" అన్నాడు.

చిల్లు లేకుండా గోడలోంచి దూరడమేంటి? ఎక్కడో చిల్లు ఉండే ఉంటుంది. వారంటీ అయిపోయిందనుకోండి, అయినా రేపు షాపువాడిని అడుగుతాను.