పది ఖానాలు గల్లంతు: ఒక ఆడిట్ అభ్యంతరం

దక్షిణ ఫ్రాన్స్‌లో నీమ్, మోంపెల్యే నగరాల మధ్య, విదూర్ల్ నదిలో వంతెన తాలూకు ఒకే ఒక్క ఖానా (కమాను) నిలబడి ఉంది. ఈ గట్టుకూ అందదు, ఆ గట్టుకూ అందదు. ఆంబ్రుస్సుమ్ దగ్గర రోమన్లు కట్టిన వంతెన ఇది. మొదట్లో 11 ఖానాలుండేవని పండితుల అంచనా. అంటే పదింటికి లెక్క తేలలేదు. రెండువేల ఏళ్లయినా రికవరీ నోటీసు పోలేదంటే లాలూచీ ఏ స్థాయిదో ఊహించుకోవచ్చు.

రికార్డు చూస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. సిమెంటు పద్దే లేదు. కర్ర సెంట్రింగు వేసి, ఒకవైపు సన్నగా చెక్కిన రాళ్లను రెండు పక్కల నుంచీ పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తి రాయి బిగించాక సెంట్రింగు లాగేశారు. బస్తాలు లేని పనిలో బిల్లు ఎలా పెట్టారో అర్థం కాదు. పైగా స్తంభాలకు ఎగువ వైపు కోసుగా ముక్కులు పెట్టారు, పైన వరద నీరు పోవడానికి కిటికీలు వదిలారు. వరద వస్తుందని ముందే తెలుసన్నమాట! తెలిసీ కట్టడం తీవ్రమైన అభియోగం.

కూలిన తీరు మాత్రం తేలిగ్గానే అర్థమవుతుంది. వరద స్తంభం అడుగున మట్టిని తోడేస్తుంది. ఒక స్తంభం ఒరిగితే దానిమీద ఆనుకున్న రెండు కమానులకూ పక్క నుంచి దన్ను పోతుంది. 1857లో చిత్రకారుడు కూర్బే గీసిన బొమ్మలో రెండు ఖానాలున్నాయి. 1933 వరద ఒకదాన్ని పట్టుకుపోయింది. బొమ్మ మోంపెల్యేలోని ఫాబ్ర్ మ్యూజియంలో ఉంది, సాక్ష్యంగా జప్తు చేయాలి.

తనిఖీకి వెళ్లేవారు ఖానా ముందు సెల్ఫీ దిగి తిరుగుముఖం పట్టడం ఆనవాయితీ. అసలు సరుకు పక్కనున్న గుట్ట మీద ఉంది. క్రీ.పూ. 118 ప్రాంతంలో మొదలైన వియా డొమీషియా అనే రోమను దారిలో నీమ్‌కు 15 రోమను మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దూరాన ఆంబ్రుస్సుమ్ ఒక మజిలీ ఊరు. గుట్ట కింద బళ్లు ఆగేవి, పశువులు మారేవి. పైకెక్కే రాతి వీధిలో బండిచక్రాల గాడులు లోతుగా దిగబడి ఉన్నాయి. పొద్దుటి ఏటవాలు ఎండలో చూస్తే స్పష్టంగా కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం సగం కూడా ఆనవు. రాళ్లు నున్నగా అరిగాయి కాబట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. టేపు పెట్టి కొలిచి, రైలు పట్టాల వెడల్పు ఇక్కడినుంచే వచ్చిందని తేల్చే పెద్దమనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. ఆయనకు టీఏ మంజూరు చేయరాదు.

విచారణ సెప్టెంబరు, అక్టోబరుల్లో పెట్టుకోకపోవడం మంచిది. అప్పుడు విదూర్ల్ కొన్ని గంటల్లోనే ఉప్పొంగుతుంది. ఆ వరదకు అక్కడివాళ్లు 'విదూర్లాడ్' అని విడిగా పేరే పెట్టుకున్నారు. ఒకటో ముద్దాయి ఆ నదే కనుక, సమన్లు పట్టుకెళ్లే జవాను గట్టు దిగకూడదు.