టారిఫ్ కోడ్ మీద అభిప్రాయం వేరైతే మోసమేనా?

బెంగళూరు పీణ్యా పారిశ్రామిక వాడలో ఆ పెట్టె విప్పిన రోజు నేనక్కడే ఉన్నాను. దారిలో గట్టి కుదుపు తగిలితే రంగు మారే షాక్ స్టిక్కర్ ఎర్రబడలేదని రెండుసార్లు చూసుకుని యజమాని ఊపిరి పీల్చుకున్నారు. లోపల నల్ల ఫోమ్‌లో స్పెక్ట్రమ్ అనలైజర్ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే యంత్రం), ప్లాస్టిక్ కవరులో కాలిబ్రేషన్ సర్టిఫికెట్. మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో చిన్న టెస్టింగ్ యూనిట్ పెట్టుకున్న మనిషి. అప్పు చేసి 40 లక్షలు పెట్టి కొన్నారు. "అన్నా, ఇంక పెద్ద ఆర్డర్లు మనకూ వస్తాయి" అన్నారు. నాలుగేళ్లకు కస్టమ్స్ నుంచి షోకాజ్ నోటీసు వచ్చింది. సుంకం ఎంతో తేల్చే టారిఫ్ కోడ్ తప్పు వేశారు, నిజం దాచిపెట్టారు అని.

కోడ్ సరైనదా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. నా అభ్యంతరమంతా ఆ రెండో మాట మీద.

దిగుమతి పత్రాలు నింపడమే నా పని కాబట్టి చెబుతున్నాను, ఎలక్ట్రానిక్ పరీక్షా పరికరాలంత చిక్కు పెట్టే సరుకు తక్కువ. సర్క్యూట్ బోర్డులు తయారయ్యే ఏ లైన్‌లోకి వెళ్లినా మూడు యంత్రాలు వరసగా కనిపిస్తాయి, మూడింటినీ కుర్రాళ్లు ‘టెస్టింగ్ మెషినే’ అంటారు. ఒకటి సన్నటి సూదులను బోర్డు మీద ఆనించి రెసిస్టెన్స్, వోల్టేజ్ కొలుస్తుంది. విద్యుత్ రాశులు కొలిచేది కాబట్టి అది టారిఫ్‌లో 9030 శీర్షిక. రెండోది కెమెరాతో సోల్డర్ సరిగ్గా పడిందో లేదో చూస్తుంది. కరెంటుతో దానికి నిమిత్తం లేదు, 9031లోకి పోతుంది. మూడోది ఎక్స్‌రేతో చిప్ అడుగున చూస్తుంది, అది 9022. పక్క బల్ల మీదున్న సిగ్నల్ జనరేటర్ కొలవదు, సిగ్నల్ పుట్టిస్తుంది. దానికి 90వ అధ్యాయంలోనే చోటు లేదు, 8543కి వెళ్లాలి. వీటిలో దేనికి కంప్యూటర్ తగిలించి ఉన్నా అది కంప్యూటర్ అయిపోదు, చేసే పనిని బట్టే కోడ్ అని 84వ అధ్యాయం నోట్స్‌లో స్పష్టంగా ఉంది. అమ్మేవాడు కేటలాగ్‌లో ఏ పేరు పెట్టాడన్నది లెక్కలోకి రాదు. 1988 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఎస్ (అంతర్జాతీయ సరుకుల వర్గీకరణ) విధానంలో మొదటి సూత్రమే ఇది: శీర్షికలో ఏం రాసి ఉంది, నోట్స్ ఏం చెబుతున్నాయి అన్నదే చూడాలి.

ఇక్కడి దాకా ఓపిక ఉంటే ఎవరైనా తేల్చుకోవచ్చు. అసలు తగాదా ఒకే శీర్షిక లోపల మొదలవుతుంది. టెలికం కోసం ప్రత్యేకంగా రూపొందించిన కొలత పరికరమైతే 9030 40. 1996లో సింగపూర్‌లో ఐటీ సరుకుల సుంకాలు ఎత్తేయడానికి కుదిరిన ఒప్పందంలో ఉన్నది కాబట్టి దానికి కస్టమ్స్ సుంకం సున్నా. రికార్డింగ్ సదుపాయమున్న ‘ఇతర’ పరికరమైతే 9030 84, సుంకం 7.5 శాతం. మరి స్పెక్ట్రమ్ అనలైజర్ ఎటు? మా యజమాని దానితో పరీక్షించింది మొబైల్ టవర్ల బోర్డులే. కేటలాగ్ తిరగేస్తే రాడార్, ఉపగ్రహం, రక్షణ రంగం కూడా ఉన్నాయి. ‘ప్రత్యేకంగా’ అన్న ఒక్క మాటను ఎలా చదువుతామన్నదే ప్రశ్న. నన్నడిగితే అధికారుల వాదనలో బలం ఉంది. ఆ రోజు నాకు మాత్రం అలా అనిపించలేదు.

డబ్బు లెక్క చూడండి. 40 లక్షల మీద 7.5 శాతమంటే 3 లక్షలు. దాని మీద సర్‌చార్జి 30 వేలు, ఆ రెంటి మీద ఐజీఎస్టీ 59,400. మొత్తం 3,89,400 రూపాయలు. మామూలు తేడా అయితే రెండేళ్లలోపే అడగాలి. కుమ్మక్కు, కావాలని తప్పు చెప్పడం, నిజం దాచడం ఉంటేనే ఐదేళ్లు వెనక్కి వెళ్లొచ్చు. అప్పుడు ఏటా 15 శాతం వడ్డీకి తోడు సుంకంతో సమానమైన జరిమానా. నాలుగు లక్షల లోపు బాకీ పది లక్షలకు చేరుతుంది. నోటీసులో ‘దాచారు’ అన్న మాట ఎందుకు పడిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ మాట లేకపోతే గడువు దాటిపోయినట్టే.

ఏం దాచారు? మోడల్ నంబరు బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రంలో, ఉంది. కేటలాగ్ అప్‌లోడ్ చేశాం. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది కాబట్టి కోడ్ మేమే ఎంచుకోవాలి, ఎంచుకున్నాం. వస్తువును ఉన్నదున్నట్టు చెప్పి, తనకు సరైనదనిపించిన వర్గీకరణనో మినహాయింపునో కోరుకుంటే అది తప్పుడు ప్రకటన కాదని సుప్రీంకోర్టు 1998లోనే నార్తర్న్ ప్లాస్టిక్ కేసులో చెప్పింది. ఇన్నేళ్లయినా అదే ఆరోపణ అచ్చు గుద్దినట్టు నోటీసుల్లో వస్తూనే ఉంది. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. ఇరవై మందితో నడిచే యూనిట్‌కు ఆ టెన్షన్‌లో బ్యాంకు లిమిట్ పెంచమని అడగడానికి కూడా ధైర్యం చాలదు.

ముందే అడిగి తేల్చుకునే దారి లేకపోలేదు. అడ్వాన్స్ రూలింగ్ కోరితే మూడు నెలల్లో చెప్పాలి, ఇచ్చిన తీర్పు కొన్నేళ్లు చెల్లుతుంది. కానీ ఆ అథారిటీలు ఢిల్లీ, ముంబైలలో పెట్టారు. అధికారిని ఎదురుగా కలవకుండా ఆన్‌లైన్‌లో సుంకం తేల్చే ఫేస్‌లెస్ అసెస్‌మెంట్‌ను 2020 జూన్ 8న ముందుగా మొదలుపెట్టింది బెంగళూరు, చెన్నైలలోనే, అదీ 84, 85 అధ్యాయాల సరుకుతోనే. యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ ఇక్కడ ఎంత దిగుతాయో తెలిసే కదా ఈ రెండు ఊళ్లను ఎంచుకున్నారు! అథారిటీ కూడా ఒకటి ఇక్కడ ఉండాలి. పైగా ఒకరికిచ్చిన రూలింగ్ ఇంకొకరికి చెల్లదు. ‘ప్రత్యేకంగా టెలికం కోసం’ అంటే ఏమిటో, ఏ ఫ్రీక్వెన్సీ, ఏ సాఫ్ట్‌వేర్ చూసి తేలుస్తారో కస్టమ్స్ బోర్డు ఒక సర్క్యులర్‌లో రాసిస్తే దేశమంతా ఒకేలా నడుస్తుంది. ఆ సర్క్యులర్ తర్వాత కూడా తప్పు వేసినవాణ్ని పట్టుకోండి, నేనడ్డురాను.

మా యజమాని కేసు ఇంకా నడుస్తోంది. పోయిన నెల ఇంకో అనలైజర్ తెప్పించారు. ఈసారి 9030 84 వేసి, 7.5 శాతం కట్టేశారు. బోర్డుల పరీక్షకు రేటు కొంచెం పెంచక తప్పదని పాత కస్టమర్‌కు ఫోన్‌లో చెబుతుంటే నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను.