గర్భసంచి తీశారు సరే, అండాశయాలు ఉన్నాయా?

"పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా ఆ సంచి?" ఈ మాట మన దగ్గర డాక్టర్లూ అంటారు, అత్తగార్లూ అంటారు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశవ్యాప్త లెక్కలో, తీయించుకున్నవాళ్ళలో సగం మందికి అప్పటికి 34 ఏళ్ళు దాటలేదు.

ఆ ఆపరేషన్లు అవసరమా కాదా అన్నదాని మీద చాలామంది రాశారు. నా కోపం ఆ తరవాత జరిగేదాని మీద. కుట్లు ఆరాక "మూడు నెలలు బరువులెత్తకు" అని చెప్పి పంపేస్తారు. లోపల ఓవరీలు, అంటే అండాశయాలు, ఉంచారో తీసేశారో ఆమెకి ఎవరూ చెప్పరు. నాలుగు వారాలు తిరక్కుండానే ఒళ్ళంతా ఆవిర్లు, అర్ధరాత్రి జాకెట్ తడిసేంత చెమట, గుండెదడ, అయినదానికీ కానిదానికీ ఏడుపు. గుండె డాక్టరు ఈసీజీ తీసి బాగానే ఉందంటాడు. ఇంకొకాయన నిద్రకి ఆల్‌ప్రాజోలం రాస్తాడు. ఇంట్లోవాళ్ళు "ఈమెకి చాదస్తం పట్టుకుంది" అని తేల్చేస్తారు. కావలసిన హార్మోను ఈస్ట్రోజన్, దాని పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

ముందు ఫైలు తీయండి. డిశ్చార్జ్ సమ్మరీలో "టీఏహెచ్" అనో "టీఎల్‌హెచ్" అనో ఉంటే గర్భసంచి తీశారని. పక్కన "బీఎస్ఓ" అని ఉంటే రెండు అండాశయాలూ, ట్యూబులూ కూడా పోయాయని. "బైలాటరల్ సాల్పింజెక్టమీ" అని మాత్రమే ఉంటే ట్యూబులే తీశారు, అండాశయాలు ఉన్నాయి. "సబ్‌టోటల్" అని ఉంటే గర్భసంచి మెడ మిగిల్చారు, దీని సంగతి కింద చెప్తాను. సమ్మరీ గజిబిజిగా ఉంటే బయాప్సీ రిపోర్టు చూడండి. ల్యాబుకి పంపిన ముక్కలన్నీ అందులో పేరుపేరునా రాస్తారు. కుడి ఓవరీ, ఎడమ ఓవరీ అని కనిపిస్తే అవి బయటికొచ్చేసినట్టే. ఆ కాగితం పోయిందంటే ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో నకలు అడగండి. అది మీ హక్కు, బతిమాలాల్సిన పని లేదు.

రెండు అండాశయాలూ తీసేస్తే, అవి తయారుచేసే ఈస్ట్రోజన్ ఒకట్రెండు రోజుల్లోనే అడుగంటుతుంది. మామూలుగా ముట్లుడిగేటప్పుడు ఒంటికి కొన్నేళ్ళ వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ ఆ వ్యవధి లేదు, అందుకే బాధ అంత తీవ్రంగా ఉంటుంది. టెస్టోస్టెరాన్ కూడా దాదాపు సగానికి పడిపోతుంది, కోరిక చచ్చిపోవడానికి అదొక కారణం. అండాశయాలు ఉంచినా నిశ్చింత లేదు. గర్భసంచి తీసినవాళ్ళలో అవి మిగతావాళ్ళ కంటే కొన్నేళ్ళు ముందే చేతులెత్తేసే అవకాశం ఎక్కువ. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి అవి ఎప్పుడు ఆగాయో తెలియదు. లక్షణాలు మొదలైతే, అండాశయాలు ఆగాయో లేదో చెప్పే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేయించాలి.

ఇక అసలు భయం: "హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందట." ఈ "అట" 2002 నాటిది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ లాంటి మందు) కలిపి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందని మధ్యలో ఆపేశారు. వాళ్ళు 50 నుంచి 79 ఏళ్ళవాళ్ళు, సగటు వయసు 63. అదే పరిశోధనలో గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో విభాగం ఉంది. అది 2004లో ఆగింది. అక్కడ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తరవాతి ఏళ్ళ లెక్కల్లో తగ్గినట్టు కూడా తేలింది. పెరిగింది పక్షవాతం: ఏడాదికి పదివేల మందిలో అదనంగా 12 మందికి. అది కూడా మాత్రలు మింగిన పెద్ద వయసువాళ్ళలో. ఈ లెక్క తీసుకొచ్చి 36 ఏళ్ళ మనిషి మీద రుద్దడం అన్యాయం. ఆమె వాడేది అదనపు హార్మోను కాదు, ఒంట్లో ఉండాల్సినదాన్ని తిరిగి పెట్టడమే. 45 లోపు రెండు అండాశయాలూ పోయి ఈస్ట్రోజన్ వాడనివాళ్ళలో ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు, మతిమరుపు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి అడ్డంకులు లేకపోతే మామూలుగా ముట్లుడిగే వయసు దాకా, అంటే సుమారు 50 వరకు వాడాలి, అప్పుడు మళ్ళీ ఆలోచించుకోవాలి. వాడకపోవడమూ ఒక నిర్ణయమే, దానికీ మూల్యం ఉంది.

అడ్డంకులు నిజంగా ఉన్నాయి, వాటిని దాచకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉండటం, కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, పక్షవాతం, లివర్ జబ్బు, కారణం తెలియని రక్తస్రావం. ఆపరేషన్ క్యాన్సర్ కోసమే చేస్తే క్యాన్సర్ డాక్టరు మాట వినాల్సిందే. మొదలుపెట్టే ముందు బీపీ, షుగరు, కొలెస్టరాల్, లివర్ పరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), 40 దాటితే మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే), ఎముకలకి డెక్సా స్కాన్ చేయించుకుంటే మంచిది.

మందు రెండు దారుల్లో దొరుకుతుంది. ఎస్ట్రాడయోల్ మాత్రలైతే 1 మి.గ్రా., 2 మి.గ్రా. చిన్న వయసువాళ్ళకి ఎక్కువగా 2 మి.గ్రా. పడుతుంది. జెల్ అయితే రోజుకి 1.5 మి.గ్రా.తో మొదలు, చాలకపోతే డాక్టరే పెంచుతారు. బరువు ఎక్కువున్నా, బీపీ, మైగ్రేన్ ఉన్నా, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) పెరిగినా జెల్ మేలు. చర్మం గుండా వెళ్ళే మందు మాత్రలా ముందు లివర్‌కి వెళ్ళదు కాబట్టి మామూలు మోతాదులో గడ్డకట్టే ముప్పు పెరిగినట్టు కనబడలేదు. ప్యాచ్ (ఒంటికి అతికించుకునే పట్టీ) కూడా ఇదే కోవలోది కానీ మన మందుల షాపుల్లో దొరకడం కష్టం, మే నెల చెమటకి ఊడొస్తుంది కూడా.

జెల్ రాసే పద్ధతిలోనే చాలామంది దెబ్బతింటారు. స్నానం చేసి ఒళ్ళు బాగా తుడుచుకున్నాక భుజం కింద చేతి బయటి వైపో, తొడ మీదో పలచగా పరవాలి. రొమ్ముల మీద రాయకూడదు. మర్దన అక్కర్లేదు. ఐదు నిమిషాలు ఆరనిచ్చాకే బట్టలు. గంట దాకా ఆ చోట నీళ్ళు, నూనె, లోషన్ తగలకూడదు. రాసినచోట చంటిపిల్లల ఒళ్ళు ఆనకుండా చూసుకోవాలి, ఆ మందు వాళ్ళకి అంటుకుంటుంది.

గర్భసంచి లేనప్పుడు ప్రొజెస్టరాన్ అక్కర్లేదు. దాని పని గర్భసంచి లోపలి పొరని కాపాడటం. అలవాటు కొద్దీ జోడించి రాసేస్తే "ఎందుకండీ ఇది?" అని అడగండి. రెండు సందర్భాల్లో జవాబు ఉంటుంది: ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) మిగిలి ఉండటం, సబ్‌టోటల్ ఆపరేషన్‌లో మెడ దగ్గర పొర కాస్త మిగలడం.

మూడు రోజులు వాడి "పని చెయ్యట్లేదు" అని మానేయడం ఇంకో తప్పు. ఆవిర్లు తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి మూడు నెలలు. వికారం, రొమ్ముల నొప్పి మొదట్లో మామూలే. బావుందని ఉన్నట్టుండి ఆపేస్తే ఆవిర్లు తిరిగి వస్తాయి. ఒక్క కాలే వాచి నొప్పెడితే, ఛాతీలో నొప్పొచ్చి ఆయాసపడితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మనలో తక్కువేం కాదు. ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెట్టాక థైరాక్సిన్ మోతాదు చాలకపోవచ్చు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకోవాలి. ఇది చెప్పకపోవడం వల్ల నీరసం అంతా హార్మోన్ల ఖాతాలో పడుతోంది. క్యాల్షియం మాత్రకీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికొకటి చొప్పున సాధారణంగా ఎనిమిది వారాలే. ఏడాదంతా మింగేవాళ్ళున్నారు, అది విషమయ్యే ప్రమాదం ఉంది.

కింద మంట, పొడిబారడం, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్. దీనికి ఎస్ట్రియోల్ క్రీము ఉంది: రాత్రికి 0.5 మి.గ్రా. చొప్పున రెండు మూడు వారాలు, తరవాత వారానికి రెండుసార్లు. సిగ్గుపడి చెప్పకపోతే ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్స్ మింగడమే మిగులుతుంది. హార్మోన్లు వద్దన్నవాళ్ళకి ఆవిర్ల కోసం వెన్లాఫాక్సిన్, రాత్రి చెమటలకి గాబాపెంటిన్ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్ళకి, ఆవిర్ల కోసం రాసే పారోక్సెటిన్ పనికిరాదు, అది టామాక్సిఫెన్ పనిని చెడగొడుతుంది. సోయా పొడి డబ్బాలు 35 ఏళ్ళ మనిషికి పోయిన అండాశయాల పని చెయ్యలేవు. ఆ డబ్బుతో రాగులు, పాలు కొనుక్కుంటే ఎముకలకైనా అందుతుంది.

ఆపరేషన్ ఇంకా కానివాళ్ళకి ఒక్క మాట. "పనిలో పనిగా ఓవరీలు కూడా తీసేద్దాం, రేపు క్యాన్సర్ రాకుండా" అని డాక్టరంటే, మన ఇంట్లో ఓవరీ, రొమ్ము క్యాన్సర్లు ఉన్నాయా అని ఇంట్లోవాళ్ళని, నా ఓవరీలో ఏం కనబడింది అని డాక్టర్ని అడగండి. ఏమీ లేకపోతే ముట్లు ఆగనివాళ్ళకి అది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. సంతకం పెట్టే ముందు కాగితంలో ఏయే భాగాలు రాశారో చదివించుకోండి. పైన మీ చేత్తో, తెలుగులోనే రాయండి: "గర్భసంచి మాత్రమే. అండాశయాలు చూడటానికి బాగుంటే ఉంచాలి." ఆ తరవాతే సంతకం.