హిమోగ్లోబిన్ బాగుంటే సరిపోదు

పదిహేనేళ్ల పిల్ల ఎప్పుడూ నీరసంగా ఉంటోందని తీసుకెళితే మొదట రాసేది హిమోగ్లోబిన్ పరీక్ష. డెసిలీటరుకు 12 గ్రాములు ఉందంటే రక్తహీనత లేదని చెప్పి పంపేస్తారు. రక్తహీనత లేదన్నది నిజమే. ఐరన్ లోపం లేదని మాత్రం ఆ అంకె చెప్పదు.

ఒంట్లో ఐరన్ తరిగేటప్పుడు ముందు ఖాళీ అయ్యేవి నిల్వలు. తర్వాత, రక్తంలో ఐరన్‌ను మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌కు మోయడానికి సరుకు తగ్గుతుంది. హిమోగ్లోబిన్ పడిపోయేది ఆఖరున. అప్పటిదాకా ఆగి చూడటాన్ని ముందుచూపు అనలేం. ఎదుగుదల ఒక్కసారిగా ఊపందుకునే వయసులో మగపిల్లలకూ ఐరన్ అవసరం పెరుగుతుంది; ఆడపిల్లలకు దానిమీద నెలసరి నష్టం అదనం. రక్తహీనత లేకున్నా ఐరన్ లోపం ఉన్న కిశోర బాలికలకు ఎనిమిది వారాలు ఐరన్ ఇస్తే, మాటలను నేర్చుకుని గుర్తుపెట్టుకునే పరీక్షల్లో మెరుగయ్యారని అమెరికాలోని బాల్టిమోర్ పరిశోధకులు 1996లోనే చూపారు. చదువు మీద ధ్యాస లేదని తిట్లు తినే పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరుంటారో!

నిల్వల జాడ చెప్పే ప్రొటీన్ ఫెరిటిన్. ఆరోగ్యంగా ఉన్న 10–19 ఏళ్లవారిలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపుంటే ఐరన్ లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అయితే ఈ ప్రొటీన్‌తో ఒక చిక్కుంది. జ్వరమో, ఇన్‌ఫెక్షనో, లోపల ఎక్కడైనా వాపో ఉంటే నిల్వలు లేకపోయినా ఫెరిటిన్ పెరుగుతుంది. అందుకే అలాంటివారికి అదే సంస్థ 70ని హద్దుగా పెట్టింది. రిపోర్టులో 40 కనిపించగానే ధైర్యపడకూడదు. పక్కన, ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ అనే ప్రొటీన్ ఎంతో చూడాలి. ట్రాన్స్‌ఫెరిన్ తెచ్చే ఐరన్‌ను కణాల్లోకి అందుకునే ప్రొటీన్ ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్; వాపుకు అంతగా లొంగని ఆ పరీక్షా ఉంది గానీ, పరీక్ష కిట్టును బట్టి దాని హద్దులు మారిపోతున్నాయి. ఊరూరా వాడే స్థితికి అది ఇంకా రాలేదు.

కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ కథ వేరు. ఇది పెరిగితే పేగుల నుంచి రక్తంలోకి ఐరన్ వెళ్లే దారి మూసుకుపోతుంది. ఒంట్లో వాపు ఉంటే పెరుగుతుంది, ఐరన్ మాత్ర వేసుకున్నా ఓ రోజుపాటు పెరుగుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఐరన్ ఒంటబడుతుందని నిల్వలు తగ్గిన యువతుల మీద చేసిన అధ్యయనాల్లో తేలింది. మాత్రలు మింగినా ఫలితం లేదంటే పిల్లలు పారేస్తున్నారని అనుమానించడం తేలిక. కొందరు పారేస్తారు కూడా. కానీ హెప్సిడిన్ అడ్డుపడుతుండవచ్చు, లేదా అసలు సమస్య తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన హిమోగ్లోబిన్ తయారీ లోపం) కావచ్చు.

ప్రతి పిల్లకూ అన్ని పరీక్షలూ చేయమని మేము అనడం లేదు. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా నీరసం వదలనివారికి, నెలసరిలో రక్తస్రావం ఎక్కువయ్యేవారికి, నెల రోజులు మాత్రలు వాడినా మార్పు లేనివారికి ఫెరిటిన్, సీఆర్‌పీ రెండూ కలిపి చేయాలి. రక్తహీనత సర్వేల్లోనూ కొందరికైనా ఇవి చేయకపోతే, తేలిన రక్తహీనతలో ఐరన్ లోపం వాటా ఎంతో తెలిసే దారే లేదు. ల్యాబులు అన్ని వయసులకూ ఒకే హద్దు అచ్చేసి ఇవ్వడం మానుకోవాలి. హిమోగ్లోబిన్ పెరిగిందనగానే మాత్రలు ఆపేసే అలవాటూ పోవాలి: నిల్వలు నిండటానికి ఆ తర్వాత మరో మూడు నెలలు పడుతుంది, నిండాయో లేదో తేల్చాల్సింది ఫెరిటినే.