"ఫిట్ అయింది కదా సార్" అనిపించుకునే లోకల్ డ్యాంపర్ గారికి

మహారాజశ్రీ లోకల్ డ్యాంపర్ గారికి,

తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. లారీ ఇంజిన్ ముందు చివర బిగించే గుండ్రటి ఇనుప భాగం తమరు, అదీ కంపెనీ పేరు లేని రకం. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షాపు కౌంటర్ మీద చూసినా కొత్త పెయింటుతో నిగనిగలాడుతూ తమరే కనిపిస్తున్నారు. పక్కన కంపెనీ డ్యాంపర్ కూడా ఉంటుంది పాపం, పెట్టె మీద దుమ్ముతో. కౌంటర్ కుర్రాడు రెండిటినీ బల్ల మీద పెట్టి, రెండిటి మీదా వేలితో టకటకా కొట్టి, "రెండూ ఇనుమే సార్, దానికి పేరుకి డబ్బులు" అంటాడు. లారీ ఓనరు రెండు రేట్లూ వింటాడు, నెలాఖరు కిస్తీ గుర్తొస్తుంది, తమరు బండెక్కుతారు.

తమరి విషయంలో నాకు బాగా నచ్చేది ఆ అర్హత పరీక్ష. బోల్టు రంధ్రాలు సరిపోతే చాలు, పాస్. పెళ్లికొడుకు షేర్వాణీ కొలత సరిపోయిందని ముహూర్తం పెట్టేసినట్టు. తమరు అక్కడ ఏం ఉద్యోగం చెయ్యాలో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. చాలామందికి తమరు బెల్టు తిరగడానికి పెట్టిన పుల్లీ, అంతే.

అసలు ఉద్యోగం ఇదీ. ఆరు సిలిండర్ల ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసు) మీద సెకనుకు 75 దెబ్బలు పడతాయి. పడిన ప్రతిసారీ అంత లావు ఉక్కు షాఫ్టూ పిసరంత మెలి తిరిగి మళ్లీ వెనక్కొస్తుంది. వెనక చివర ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం బరువు ఉంది కాబట్టి అటు అంతగా ఊగదు, ఊగేదంతా ముందు చివరే, అందుకే డ్యాంపర్‌ని అక్కడ బిగించారు. ఈ దెబ్బల లయ, క్రాంక్‌కి పుట్టుకతో ఉన్న లయ ఏదో ఒక స్పీడులో కలుస్తాయి. ఆ స్పీడులో మెలిక పెరిగిపోకుండా ఆపడానికే రబ్బరు డ్యాంపర్‌లో బయటి రింగు బరువు ఎంతుండాలి, మధ్యలో రబ్బరు ఎంత గట్టిగా ఉండాలి అని ఆ ఇంజిన్‌కి లెక్కగట్టి పెడతారు. ఒకే ఇంజిన్‌లో హార్స్‌పవర్ మారితే డ్యాంపర్ పార్ట్ నంబరు కూడా మారే సందర్భాలున్నాయి. తమరు మాత్రం "అన్ని మోడల్స్‌కీ సెట్ అవుద్ది సార్" బాపతు.

ఇక తమరి అన్నగారు, విస్కస్ డ్యాంపర్ వారు. ఆయన సీలు వేసిన డబ్బా. లోపల చిక్కటి సిలికాన్ ఆయిల్, అందులో తేలే బరువైన రింగు, చుట్టూ సన్నటి సందు. ఆ ఆయిల్ ఏ గ్రేడుదో, అసలు పోశారో లేదో కోసి చూసినవాడికే తెలియాలి, కోస్తే అది ఇక డ్యాంపర్ కాదు. ఇంతకన్నా భద్రమైన వ్యాపారం నాకు తెలీదు. (ఒక సంగతి ఒప్పుకోవాలి, దీన్ని బిగిస్తూ మేస్త్రి సుత్తితో ఒక్కటి గట్టిగా ఇచ్చాడంటే రేకు సొట్టపడి లోపల రింగు పట్టేస్తుంది. కంపెనీ సరుకైనా అంతే.)

బిగించాక ట్రయల్ చూడాలి, అదే అసలు వినోదం. బండి స్టార్ట్ చేస్తారు, డ్రైవరు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి "షేకింగ్ ఏం లేదన్నా, స్మూత్‌గా ఉంది" అంటాడు, అందరూ టీ తాగుతారు. క్యాబిన్‌లో తెలిసే ఊపు చాలావరకు ఇంజిన్ మౌంటింగులది, ఐడ్లింగుది. క్రాంక్ లోపల మెలిక డ్రైవరు చేతికి అందేది కాదు. అంటే తమరు పనిచేసినా తెలీదు, చెయ్యకపోయినా తెలీదు! జీతం మాత్రం మొదటి రోజే తీసుకున్నారు.

తర్వాతి కథలో తమరి పేరే రాదు. బెల్టులు ఊరికే పోతుంటే బెల్టు కంపెనీని తిడతారు. ఆల్టర్నేటర్ బ్రాకెట్ పగిలితే వెల్డింగ్ చేయిస్తారు. టైమింగ్ గేర్లు గోల పెడితే "పాత ఇంజిన్ కదా" అంటారు. ఒకరోజు లోడు మీద ఘాట్ ఎక్కుతుండగా క్రాంక్ విరుగుతుంది, అప్పుడు దోషులు వరసగా ఓవర్‌లోడు, డ్రైవరు, క్రాంక్ గ్రైండింగ్ చేసినవాడు. తమరు ముందు చివర ఏమీ ఎరగనట్టు కూర్చునే ఉంటారు. ఇంకా దారుణం ఏమిటంటే ఇంజిన్ పని అయ్యాక "ఇది కొత్తదే కదా" అని తమర్నే మళ్లీ బిగిస్తారు.

కంపెనీ వాళ్లు సత్యహరిశ్చంద్రులేం కారు. "స్టాకు లేదు, ఆర్డర్ పెట్టాలి" అని వాళ్లు అంటుంటే ఇక్కడ బండి రోజుల తరబడి షెడ్డులో, కిస్తీ తలుపు దగ్గర. తమరి వ్యాపారంలో సగం వాళ్ల చలవే. పైగా ఒరిజినల్ అయినంత మాత్రాన చిరంజీవి కాదు. ఇంజిన్ ముందున్న ఆయిల్ సీల్ కారితే ఆయిల్ తాగిన రబ్బరు మెత్తబడుతుంది, లేదంటే ఏళ్ల వేడికి గట్టిపడి పగుళ్లిస్తుంది. కమ్మిన్స్ బి సిరీస్‌లో రబ్బరు డ్యాంపర్ హబ్ (మధ్య భాగం) మీద, బయటి రింగు మీద ఒకే వరసలో గీతలుంటాయి, అవి 1.59 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరిగితే మార్చెయ్యమని మాన్యువల్ చెబుతుంది. గుడ్డ పెట్టి మసి తుడిచి చూస్తే చాలు. చూసేవాడు ఏడీ?

మార్కెట్ సరుకంతా తమరి లాంటిదేనని కూడా నేననను. లారీ కంపెనీలు చాలావరకు డ్యాంపర్లు బయటి తయారీదారుల దగ్గరే కొంటాయి. అదే తయారీదారు, అదే పార్ట్, తన సొంత పెట్టెలో తక్కువ రేటుకి దొరికితే నేను కళ్లకద్దుకుని తీసుకుంటా. అమెరికాలో డీజిల్ పికప్‌ల పవర్ పెంచుకునేవాళ్లు కంపెనీ రబ్బరుది తీసేసి, ఖరీదు ఎక్కువైనా బయటి విస్కస్ డ్యాంపర్ వేయించుకుంటారు, ఎందుకంటే పాతది పాత పవర్‌కి లెక్కగట్టింది. అదీ ఆఫ్టర్‌మార్కెట్టే, అంటే బండి కంపెనీ పెట్టెలో రాని బయటి సరుకే. తమరితో చుట్టరికం కలుపుకోవడానికి మాత్రం వాళ్లు ఒప్పుకోరు.

మొన్న కౌంటర్ దగ్గర నేను అడిగినవి నాలుగే మాటలు: తయారుచేసినవాడి పేరు, ఇంజిన్ మోడల్‌తో సహా పార్ట్ నంబరు, వెయింగ్ మిషన్ మీద ఒకసారి బరువు, జీఎస్టీ బిల్లు. మొదటి మూడింటికీ కుర్రాడు తమరి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుగోదానికి పెట్టె తీసి లోపల పెట్టేసి, "మీరు కంపెనీదే తీసుకోండి సార్" అన్నాడు.

ఇట్లు,
కిస్తీలు కట్టుకునే ఒక ఓనరు