ఆకు పసుపెక్కితే తప్పంతా నీళ్లదేనా?
కుండీలో నూరువరహాల ఆకులు పసుపెక్కితే నీళ్లు ఎక్కువైనట్టే, తగ్గించండి అని ఒకరు రాశారు, అన్నిసార్లూ అది నిజం కాదండీ. కింది ముదురు ఆకులు పండి రాలుతుంటే సరే, మట్టిలో చెమ్మ చూసుకోవాలి. కానీ చిగురాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయంటే అది చాలావరకు ఇనుము అందకపోవడమే. హైదరాబాద్‌లో బోరు నీళ్లు పోసే మేడల మీద ఇదే గోల, ఆ నీళ్ల సున్నానికి కుండీ అంచున తెల్లటి చార కట్టేస్తుంది, మట్టి క్షారమైపోయి ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అలాంటి మొక్కకు నీళ్లు తగ్గిస్తే మే ఎండకి మాడిపోవడమే. మేం సాయంత్రం పూట ఆకుల మీద చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము) స్ప్రే చేస్తాం, వానాకాలంలో డ్రమ్ముల్లో పట్టిన వాన నీళ్లే పోస్తాం, చిగురు బాగానే వస్తోంది. పక్కనున్న నందివర్ధనానికి మాత్రం అవే బోరు నీళ్లు, దానికేం పట్టలేదు.